తుపాకీ ఒకరిది, పొలం ఇంకొకరిది

తెల్లవారక ముందే బండి ఆగుతుంది. ముందుగా కిందికి దిగేది తుపాకీ తెచ్చుకున్న అతిథి కాదు, జాడ పట్టే మనిషి. జేబులోంచి చిన్న గుడ్డసంచి తీసి గాలిలో దులుపుతాడు. అందులో ఉండేది పొయ్యి బూడిద. అది ఎటు కొట్టుకుపోతే గాలి అటు వీస్తున్నట్టు. కేప్ బఫెలో అనే ఆఫ్రికా అడవి గేదెకు మనిషి వాసన తగిలిందంటే ఆ పూట వేట అయిపోయినట్టే. తర్వాత వంగి పేడ మీద చెయ్యి పెట్టి చూస్తాడు, వెచ్చగా ఉందా, చల్లారిందా అని. అక్కడి నుంచి నడక మొదలు. అది రెండు గంటలు కావచ్చు, ఎండ నెత్తికెక్కే దాకా కావచ్చు. అతని వెనక లైసెన్స్ ఉన్న గైడు, ఆ గైడు వెనక అమెరికా నుంచో స్పెయిన్ నుంచో వచ్చిన అతిథి. మంద కనబడగానే మూడు కర్రల స్టాండు నిలబెట్టి, దాని మీద తుపాకీ ఆనించి గురి చూస్తారు. నెత్తురు చుక్క నేల మీద పడిందంటే చాలు, జంతువు దొరికినా దొరక్కపోయినా అతిథి ఫీజు కట్టాల్సిందే.

దక్షిణాఫ్రికా, నమీబియా, జింబాబ్వే, బోట్స్వానా దేశాల్లో ఈ ట్రోఫీ వేట, అంటే చంపిన జంతువు తలో తోలో జ్ఞాపకంగా తీసుకెళ్లే వేట, చట్టబద్ధమైన వ్యాపారం. బసకు, గైడుకు రోజుకింత అని లెక్క. దాని మీద జంతువుకింత అని ట్రోఫీ ఫీజు. ఇంపాలా జింకకు వందల డాలర్లలో తేలిపోతుంది. అడవి గేదెకు వేలల్లో. ఏనుగుకు, సింహానికి పదుల వేలల్లో. 2014లో డల్లాస్ సఫారీ క్లబ్ వేలం పాటలో నమీబియాలోని ఒక్క నల్ల ఖడ్గమృగాన్ని వేటాడే అనుమతి 3.5 లక్షల డాలర్లకు పోయింది. మరుసటి ఏడాది ఆ వేట జరిగింది కూడా. టూరిస్టు బ్రోషర్లలో ఇప్పుడు అందరూ వాడే ‘బిగ్ ఫైవ్’ అన్న మాట పుట్టింది కూడా వేటగాళ్ల నోటే. కాలినడకన వేటాడడానికి అతి ప్రమాదకరమైన ఐదు జంతువులకు వాళ్లు పెట్టుకున్న పేరది.

సరదా కోసం ప్రాణం తీయడం మాకు నచ్చదు. గోడకు తగిలించుకోవడానికి ఒక తల కావాలని సముద్రాలు దాటి రావడం మాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఆ మాట దాచుకోనక్కర్లేదు. కానీ మనకు నచ్చకపోవడం వేరు, ఇంకొకరి ఊళ్లో ఏం జరగాలో మనం తీర్మానించడం వేరు. ట్రోఫీల దిగుమతిని నిషేధించే బిల్లులు తెస్తున్న యూరప్ పార్లమెంట్లు ఈ తేడాను పట్టించుకోవడం లేదన్నదే మా బాధ.

2015 జూలైలో జింబాబ్వేలోని హ్వాంగే నేషనల్ పార్కు అంచున సెసిల్ అనే సింహం చనిపోయింది. దాని వయసు 13 ఏళ్లు. మెడలో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు కట్టిన కాలర్ ఉంది. ఒక అమెరికన్ డెంటిస్ట్ వేల డాలర్లు చెల్లించి, రాత్రిపూట ఎర పెట్టించి, బాణంతో కొట్టాడు. గాయంతో గంటల తరబడి తిరిగాక గానీ దాని ప్రాణం తీయలేదు. ఆ గంటల సంగతి తలచుకుంటే ఎవరికైనా కడుపులో దేవినట్టవుతుంది. ప్రపంచమంతా కోపంతో ఊగిపోయింది. ఫ్రాన్స్ అదే ఏడాది సింహం ట్రోఫీలను తమ దేశంలోకి రానివ్వబోమంది. ఆ కోపం న్యాయమైనదే. కానీ అంత గోలలోనూ ఒక్క ప్రశ్న చాలామందికి తట్టలేదు: ఆ పార్కు పక్కన పశువులు కాసుకునే కుటుంబాలు సింహాలతో ఎలా బతుకుతున్నాయి?

ఆ ప్రశ్నకు జవాబు వెతికితే బోట్స్వానా ఉత్తరాన సాంకుయో అనే చిన్న ఊరు కనబడుతుంది. ఏ వైపు నుంచి చూసినా ఈ వివాదమంతా ఆ ఊళ్లోనే ఉంది. వేటకు అనుమతి ఉన్న రోజుల్లో, 2010లో, ఆ ఊరికి 120 జంతువుల కోటా ఇచ్చారు. అందులో ఏనుగులు 22. ఆ కోటా అమ్మితే దాదాపు 6 లక్షల డాలర్లు వచ్చాయి. ఆ డబ్బుతో నలభై ఇళ్లకు కుళాయి నీళ్లు వచ్చాయి. మరుగుదొడ్లు అందరికీ చాలవు కాబట్టి చీటీలు తీసి ఇరవై కుటుంబాలకు కట్టించారు. చీటీలో పేరు వచ్చినవాళ్ల సంతోషం, రానివాళ్లు వచ్చే ఏడాదికి పెట్టుకున్న ఆశ మన పల్లెల్లో ఇళ్ల పట్టాల కోసం ఎదురుచూసిన ఎవరికైనా తెలుసు. వేట ముగిశాక మాంసం ఊరికి పంచేవాళ్లు. ఏనుగు రాత్రి చేలో పడినా, సింహం దూడను ఎత్తుకుపోయినా, ‘పోనీలే, వాటి వల్ల మనకూ ఇంత వస్తోంది’ అని సర్దుకునేవాళ్లు.

2014లో అప్పటి అధ్యక్షుడు ఇయాన్ ఖామా వేటను నిషేధించారు. ఆయన ఉద్దేశం మంచిదే. ఫొటోలు తీసుకునే టూరిస్టులు ఆ లోటు తీరుస్తారని అనుకున్నారు. కానీ ఫొటో టూరిస్టుకు నది కావాలి, పచ్చిక బయళ్లు కావాలి, ఒక్క ఉదయం పూటలో పది రకాల జంతువులు కనబడాలి. ముళ్లపొదలు తప్ప ఏమీ లేని పొడి నేలకు కెమెరా పట్టుకుని ఎవరొస్తారు? వేటగాడు మాత్రం వస్తాడు. మూడు వారాలు గుడారంలో ఉండి ఒక్క జంతువు కోసం తిరుగుతాడు. సాంకుయో లాంటి ఊళ్లలో ఆదాయం పోయింది, ఉద్యోగాలు పోయాయి. చేలల్లో ఏనుగులు మాత్రం మిగిలాయి. 2019లో తర్వాతి అధ్యక్షుడు మసీసి ఆ నిషేధాన్ని ఎత్తేశారు. 25 లక్షల జనాభా ఉన్న ఆ దేశంలో ఏనుగులు దాదాపు 1.3 లక్షలు. రోజుకు 150 కిలోల మేత లాగించగల జంతువది. ఒక్క రాత్రిలో ఏడాది తిండి గింజల చేను నేలమట్టమైతే ఆ ఇల్లు ఏమైపోవాలి?

మనకిది పరాయి కష్టమేమీ కాదు. కుప్పం, పలమనేరు రైతును అడగండి, పార్వతీపురం మన్యంలో రాత్రిళ్లు డప్పులు వాయిస్తూ మంట చుట్టూ కూర్చునే వాళ్లను అడగండి. 2024 ఏప్రిల్‌లో కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఒక ఏనుగు రెండు రోజుల్లో ఇద్దరు రైతుల ప్రాణం తీసింది. అదే ఏడాది నవంబరులో అదే జిల్లాలో పత్తి ఏరుతున్న యువతిని పులి పొట్టన పెట్టుకుంది. ఏనుగుల్ని తరమడానికి మనం కర్ణాటక నుంచి కుంకీలను, అంటే శిక్షణ ఇచ్చిన ఏనుగుల్ని, తెచ్చుకున్నాం. అడవి జంతువు అందరికీ అందంగానే కనబడుతుంది. దాన్ని కాపాడే ఖర్చు మాత్రం అడవి అంచున ఉన్న ఇంటి మీదే పడుతుంది.

మనం 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం తెచ్చుకుని వేటను చాలావరకు ఆపేశాం. అప్పటి లెక్కలో 1,827గా ఉన్న పులులు 2022 నాటికి 3,682కు చేరాయి. లెక్క తీసే పద్ధతి మారింది, అయినా ఆ నిర్ణయం సరైనదేనన్న విషయంలో మాకు ఏ సందేహమూ లేదు. కానీ ఆ చట్టం వచ్చే నాటికే చీతా మన దేశంలో లేదు. చివరి మూడింటిని స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో కొరియా సంస్థానం మహారాజు ఒకే రాత్రి కాల్చేశాడని చరిత్ర చెబుతోంది. 1952లో అవి అంతరించిపోయాయని ప్రకటించారు. డెబ్బై ఏళ్ల తర్వాత, 2022 సెప్టెంబరు 17న, మధ్యప్రదేశ్‌లోని కూనో పార్కులో వదలడానికి ఎనిమిది చీతాలను ఎక్కడి నుంచి తెచ్చుకున్నాం? వేటకు అనుమతిచ్చే నమీబియా నుంచి. తర్వాత పన్నెండు, వేటకు అనుమతిచ్చే దక్షిణాఫ్రికా నుంచి. నమీబియాలో చీతాల్లో చాలా భాగం పార్కుల్లో ఉండవు, రైతుల పొలాల్లో, పశువుల మేత భూముల్లో ఉంటాయి. ఆ రైతులు వాటిని ఓర్చుకోబట్టే మనకు ఇవ్వడానికి మిగిలాయి. ఈ ఒక్క సంగతి చాలు, వేట ఆపని దేశానికి జంతువులంటే ప్రేమ లేదని తేల్చేసే ముందు కాస్త ఆగడానికి.

నమీబియా 1996లో చట్టం మార్చింది. అంతకు ముందు పెద్ద పెద్ద ఫారాలున్న తెల్ల రైతులకు మాత్రమే ఉన్న హక్కును ఊరుమ్మడి భూముల్లో బతికే నల్లవాళ్లకు కూడా ఇచ్చింది. ఊళ్లు కలిసి కన్జర్వెన్సీగా రిజిస్టర్ అవుతాయి, సరిహద్దు గీసుకుంటాయి, కమిటీని ఎన్నుకుంటాయి. సర్కారు జంతువులను లెక్కపెట్టి కోటా ఇస్తుంది. డబ్బు సర్కారు ఖజానాకు కాదు, నేరుగా కన్జర్వెన్సీకి వస్తుంది. 1998లో రిజిస్టరైన తొలి కన్జర్వెన్సీ న్యాయ్ న్యాయ్, సాన్ ప్రజలది. తరతరాలుగా జాడ పట్టడమే చదువుగా బతికిన వాళ్లు వాళ్లు. ఇప్పుడు దేశంలో అలాంటివి 86 ఉన్నాయి. అక్కడ 1990ల మధ్యలో 7,500 దాకా ఉన్న ఏనుగులు నేడు 24 వేల వరకు ఉన్నాయి. ఇదంతా వేట పుణ్యమేనని మేం అనం. జంతువు మీద ఊరికి హక్కు వచ్చాక ఊరే దానికి కాపలా కాసిందని అంటాం.

అదే ఆలోచన జింబాబ్వేలో క్యాంప్‌ఫైర్ పేరుతో 1989లోనే మొదలైంది. అక్కడ హక్కు ఊరికి కాకుండా జిల్లా కౌన్సిల్‌కు ఇచ్చారు. డబ్బులో సగానికి పైగా ఊళ్లకు చేరాలని మార్గదర్శకాలున్నా, చాలా చోట్ల కౌన్సిళ్ల దగ్గరే ఆగిపోయింది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదన్న సామెత మనకు తెలిసిందే. దానికి తోడు 2014 ఏప్రిల్‌లో అమెరికా జింబాబ్వే ఏనుగు ట్రోఫీల దిగుమతి ఆపేయడంతో ఉన్న ఆదాయమూ పడిపోయింది. వేటను సమర్థించేవాళ్లు నమీబియాను చూపిస్తారు, వ్యతిరేకించేవాళ్లు జింబాబ్వేను చూపిస్తారు. రెండూ నిజమే. తేడా తుపాకీలో లేదు, డబ్బు ఎవరి ఖాతాలో పడుతుందన్న దాంట్లో ఉంది.

కాబట్టే వేట కంపెనీలను నమ్మి వదిలేయమని మేం చెప్పడం లేదు. ప్రతి ఊరికీ కోటాలో ఏముంది, ఎంతకు అమ్మారు, ఊరి ఖాతాలో ఎంత పడింది అన్నది ఊరి గోడ మీద రాసి పెట్టాలి, మన ఉపాధి హామీ పనుల లెక్కలు గోడ మీద రాసినట్టు. ముసలి జంతువునే కాల్చాలన్న నియమం కాగితం మీద ఉంటే చాలదు. వేటగాడికి అందరికన్నా పెద్ద దంతాలున్న ఏనుగే కావాలి, అందరికన్నా నల్లటి జూలున్న సింహమే కావాలి. మంద మీద పట్టున్న మగ సింహం పోతే కొత్తగా వచ్చిన మగవి పాత దాని పిల్లల్ని చంపేస్తాయి. ఒక్క గుండుతో పోయేది ఒక్క ప్రాణం కాదు. మొజాంబిక్‌లోని గొరొంగోసాలో అంతర్యుద్ధ కాలంలో దంతాల కోసం ఏనుగుల్ని ఊచకోత కోశారు. ఆ తర్వాత అక్కడ దంతాల్లేకుండా పుట్టే ఆడ ఏనుగులు బాగా పెరిగాయి. అది దొంగవేట వల్ల జరిగిందే. అయినా మంచి దంతాలున్న వాటినే ఏరి ఏరి చంపితే జాతి ఎటు పోతుందో చూపించింది.

ఇక దక్షిణాఫ్రికాలో బోను సింహాల సంగతి. అక్కడ రెండో ఆలోచన అక్కర్లేదు. దాదాపు 8 వేల సింహాలు కంచెల మధ్య పుట్టి పెరుగుతున్నాయి. ఆ దేశపు అడవుల్లో ఉన్న వాటికన్నా ఇవే ఎక్కువ. పుట్టిన కొన్నాళ్లకే తల్లి నుంచి వేరు చేస్తారు. డబ్బు కట్టి వచ్చిన టూరిస్టులు, వాలంటీర్లు పాలసీసా పట్టించి ఒళ్లో పెట్టుకుని ఫొటో దిగుతారు. కాస్త పెద్దయ్యాక వాటి పక్కన నడిచే సరదా. జూలు వచ్చాక కంచె దాటి పోలేని చోట వదిలి, మనిషిని చూస్తే పారిపోవాలని కూడా తెలియని దాన్ని కాలుస్తారు. ఎముకలు ఏళ్ల తరబడి ఆసియా దేశాలకు ఎగుమతి అయ్యాయి. ఏ ఊరి చేనూ వాటి వల్ల పాడు కాలేదు, ఏ ఊరికీ వాటి డబ్బు చేరలేదు. ఈ వ్యాపారాన్ని మూసేసే దిశగా ఆ ప్రభుత్వం 2024లో నిర్ణయం తీసుకుంది. దాన్ని సాగదీయకుండా అమలు చేయాలి. జోహన్నెస్‌బర్గ్ చుట్టుపక్కలకు వెళ్లే మన తెలుగు టూరిస్టులు కూడా ఎంత ముద్దొచ్చినా సింహం పిల్లను ఒళ్లోకి తీసుకోవద్దు. ఆ ఫొటోకు కట్టే డబ్బే దాన్ని బోనులో పుట్టిస్తోంది.

బ్రిటన్‌లో ట్రోఫీల దిగుమతిని నిషేధించే బిల్లును 2023 మార్చిలో దిగువసభ ఆమోదించింది, ఎగువసభలో అది ఆగిపోయింది. బెల్జియం 2024లో చట్టమే చేసింది. జర్మనీ నియమాలు కఠినం చేస్తానన్నప్పుడు, 20 వేల ఏనుగుల్ని మీకే పంపిస్తాం, మాలాగే వాటితో కలిసి బతకండి అన్నారు అప్పటి బోట్స్వానా అధ్యక్షుడు మసీసి. ఆ మాట విని నవ్వుకున్నవాళ్లు ఉన్నారు. మాకు అందులో వినిపించింది విసుగు. దక్షిణాఫ్రికా నేల మీదే ఒకప్పుడు యూరప్ నుంచి వచ్చిన తుపాకులు నీలి జింకను, క్వాగా జీబ్రాను లేకుండా చేశాయి. చివరి క్వాగా 1883లో ఆమ్‌స్టర్‌డామ్ జూలో చనిపోయింది. తెల్ల ఖడ్గమృగాలు ఒక దశలో అక్కడ వంద కూడా మిగల్లేదు. తర్వాత అదే పాలకులు పార్కులు గీసి, తిండి కోసం ఉచ్చు పన్నిన స్థానికుణ్ణి దొంగ అన్నారు. ఇప్పుడు మళ్లీ నిర్ణయం యూరప్ నుంచే వస్తోంది.

వేట ఆగాలంటే దాని స్థానంలో ఏదో ఒకటి రావాలి. సాంకుయోకు రావాల్సిన 6 లక్షల డాలర్లు ఎవరిస్తారో బిల్లు పెట్టేవాళ్లు ముందు చెప్పాలి. పంట నష్టానికి పరిహారం, జంతువును కాపాడినందుకు ఊరికి ఏటా ఇంత అని చెల్లింపు, అడవి కాపలాకు జీతాలు, వీటికి యూరప్ దేశాలు బడ్జెట్‌లో పద్దు పెట్టి చూపిస్తే ఆ బిల్లులకు మా పూర్తి మద్దతు. అది లేనంత కాలం ఓటు వేసే ముందు ఆ ఊళ్ల మనుషులను సభకు పిలిపించి, వాళ్ల భాషలోనే వాళ్ల మాట వినాలి. బూడిద సంచి పట్టుకుని అందరికన్నా ముందు నడిచే ఆ జాడ పట్టే మనిషిని కూడా పిలవాలి. ఆ ఏనుగులు ఎటు పోతున్నాయో, నిన్న రాత్రి ఎవరి చేలో పడ్డాయో అతనికే తెలుసు.