సీసా మీద 99.99, లోపల ఏముంది? అక్కాతమ్ముళ్ల వాదన

సోడియం, లిథియం, పొటాషియం, సీజియం లాంటి క్షార లోహాలు సెలెనియంతో కలిస్తే సెలెనైడ్లు వస్తాయి. క్వాంటం డాట్లు (నానోమీటర్ల సైజు సెమీకండక్టర్ కణాలు), సోలార్ సెల్స్, కొత్త రకం బ్యాటరీల మీద పనిచేసే ల్యాబులకు ఇవి చాలా శుద్ధంగా కావాలి. విజయవాడ ఆటోనగర్‌లో ఇందుకో చిన్న యూనిట్ పెడతానంటాడు తమ్ముడు. గుంటూరులో కెమిస్ట్రీ పాఠాలు చెప్పే అక్క వద్దంటుంది. ఇద్దరూ కల్పిత మనుషులే.

తమ్ముడు: అక్కా, ఇలాంటి సరుకు బయటి దేశం నుంచి తెప్పించాలంటే ప్రమాదకర రసాయనాల లెక్కలోకి వస్తుంది. కాగితాలు, ప్రత్యేక ప్యాకింగ్, ఎదురుచూపులు. నేను ఇక్కడే ఆంప్యూల్‌లో, అంటే మూతి కరిగించి మూసే చిన్న గాజు గొట్టంలో సీల్ చేసి ఇస్తానంటే వద్దనే ల్యాబ్ ఉంటుందా?

అక్క: ఉంటుంది. మా పిల్లలు కాడ్మియం సెలెనైడ్ కణాలు చేయాలంటే సెలెనియం పొడి, సోడియం బోరోహైడ్రైడ్ నీళ్లలో కలుపుతారు. సోడియం హైడ్రోజన్ సెలెనైడ్ అక్కడికక్కడే తయారు. క్లేమన్, గ్రిఫిన్ అనే రసాయన శాస్త్రవేత్తలు 1973లోనే ఈ దారి చూపించారు. దానికి నీ ఆంప్యూల్ ఎందుకురా?

తమ్ముడు: అది నీళ్లలో జరిగే పని కాబట్టి సరిపోయింది. అందులో బోరోహైడ్రైడ్ నుంచి వచ్చిన బోరేట్ లవణాలు మిగిలిపోతాయి. లిథియం-సెలెనియం బ్యాటరీ చేసేవాడికి అలాంటి ద్రావణం ఏం పనికొస్తుంది? వాడికి పొడి లిథియం సెలెనైడ్ కావాలి. గ్రాము సెలెనియం సిద్ధాంత ప్రకారం సుమారు 675 మిల్లీ ఆంపియర్ అవర్లు ఇస్తుంది. గంధకం రెట్టింపుకు పైగా ఇస్తుందనుకో, కానీ కరెంటును మోయడంలో సెలెనియం చాలా మెరుగు. కొత్త స్ఫటికాలు పెంచేవాళ్లు పొటాషియం సెలెనైడ్‌ను సెలెనియంతో కరిగించి అందులోనే పెంచుతారు. అక్కడ తేమ తగిలితే పని మొత్తం పోతుంది.

అక్క: సరే, కొనేవాళ్లు ఉన్నారే అనుకుందాం. సీసా మీద 99.99 శాతం అని వేస్తావు. అది దేని లెక్క? చాలా సర్టిఫికెట్లలో ఆ అంకె ‘మెటల్స్ బేసిస్’. ఇతర లోహాలు ఎంత ఉన్నాయో చూసి నూరులోంచి తీసేస్తారు. ఆక్సిజన్, తేమ, ఎక్కువైన సెలెనియం ఆ లెక్కలోకే రావు. మిర్చి యార్డులో బస్తా పైపొర చూసి ధర కట్టినట్టే. సోడియం సెలెనైడ్ తెల్లగా ఉండాలి. గాలి తగిలితే సెలెనియం బయటపడి ఎర్రబారుతుంది. అలా ఎర్రబారిన పొడికి కూడా ఆ 99.99 వర్తిస్తుంది, తెలుసా?

(ఈ విషయంలో నేను పూర్తిగా అక్క వైపే. రీసెర్చ్ స్టూడెంట్ నెలల తరబడి పెట్టే శ్రమ ఆ నాలుగు తొమ్మిదుల మీద ఆధారపడి ఉంటుంది. దేన్ని కొలిచారో సీసా మీద రాయకుండా అమ్మడం అన్యాయం.)

తమ్ముడు: అందుకే నేను చేయాలంటున్నా. ప్రతి బ్యాచ్‌కీ గాలి తగలని హోల్డర్‌లో ఎక్స్-రే డిఫ్రాక్షన్ (పొడిలో ఏ స్ఫటికాలున్నాయో చూపే పరీక్ష) తీసి, ఆ గ్రాఫ్ సీసాతో పాటే ఇస్తా.

అక్క: ముందు బ్యాచ్ సరిగ్గా రావాలి కదా. 79 గ్రాముల సెలెనియానికి 46 గ్రాముల సోడియం పడుతుంది. సోడియం ముక్క మీద ఆక్సైడ్ పొర ఉంటే త్రాసు 46 చూపిస్తుంది, లోహం మాత్రం అంత ఉండదు. మిగిలిన సెలెనియం ఊరుకోదు, సెలెనైడ్‌కే అంటుకుని పాలీసెలెనైడ్ అనే వేరే పదార్థం అవుతుంది.

తమ్ముడు: త్రాసు ఒక్కదాన్నే నమ్మనక్కా. మైనస్ 33 డిగ్రీల దగ్గర ద్రవ అమ్మోనియాలో సోడియం కరిగితే ముదురు నీలం. సెలెనియం కొద్దికొద్దిగా వేస్తూ పోతే, ఆ నీలం సరిగ్గా సోడియం అయిపోయినప్పుడే పోతుంది. అక్కడ ఆపేస్తాం. పాత్రలో ఇనుప తుప్పు ఉంటే సోడియం అమ్మోనియాతోనే కలిసి అమైడ్‌గా మారిపోతుందని తెలుసు, అందుకే గాజు పాత్రే వాడతాం. ఆ తర్వాత అంతా ఆర్గాన్ గ్లోవ్ బాక్స్‌లోనే, అంటే ఆర్గాన్ వాయువు నింపి, బిగించిన గ్లౌజుల్లోంచి చేతులు పెట్టి పనిచేసే మూసిన పెట్టెలో. లిథియం నైట్రోజన్‌తో కూడా కలుస్తుంది కాబట్టి నైట్రోజన్‌తో సరిపెట్టను.

అక్క: సీజియం సంగతి? అది 28.5 డిగ్రీలకే కరుగుతుంది. రుబీడియం 39కి. విజయవాడ మే నెలలో ఏసీ ఆగిందంటే రెండూ ద్రవాలే. గాలి తగిలితే వాటంతట అవే అంటుకునే లోహాలు! కరెంటు పోతే జనరేటర్ అందుకునే లోపు ఏం చేస్తావు?

తమ్ముడు: సీజియం మొదటి ఏడాది వద్దులే.

అక్క: వద్దులే అనడం కాదు, జాబితాలోంచి తీసెయ్. అసలు భయం వేరే ఉంది. సెలెనైడ్‌కు తేమో యాసిడో తగిలితే హైడ్రోజన్ సెలెనైడ్ అనే విషవాయువు వస్తుంది. ఎనిమిది గంటల పనికి అమెరికా కార్మిక నియమం దాన్ని సగటున 0.05 పీపీఎం (గాలిలో పది లక్షల పాళ్లకు 0.05 పాలు) దాటనివ్వదు. కుళ్లిన ముల్లంగి వాసన అంటారు, కానీ కాసేపటికి ముక్కు మొద్దుబారి ఆ వాసన కూడా తెలియదు. 2020 మే 7న విశాఖలో స్టైరీన్ ఆవిరి తెల్లవారుజామున ఇళ్లలోకి పోయింది, నిద్రలో ఉన్నవాళ్లు లేచి పరిగెత్తారు. ఆటోనగర్ చుట్టూ ఇళ్లు లేవా?

తమ్ముడు: పోలిక సరికాదక్కా. అది పెద్ద ట్యాంకు. నేను ఒక్కసారికి వంద గ్రాములు దాటను. గ్యాస్ డిటెక్టర్లు పెడతా, బయటికి పోయే గాలి స్క్రబ్బర్‌లో, అంటే గాలిని కడిగే పరికరంలో, కాస్టిక్ సోడా గుండా పోతుంది, పక్కనే బ్లీచ్ కూడా.

అక్క: బ్లీచ్ ఎక్కువ పోస్తే సెలెనియం ఆక్సిజన్‌తో కలిసి సెలినేట్ అవుతుంది. నీళ్లలో హాయిగా కరిగి ఉండిపోతుంది, దాన్ని బయటికి తీయడం కష్టం. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ ఊళ్లోంచే పోతాయి, ఆ నీళ్లే డెల్టా పొలాలకు. కాలిఫోర్నియాలో కెస్టర్‌సన్ అనే రిజర్వాయర్‌లోకి పొలాల మురుగుతో సెలెనియం చేరితే 1983లో వైకల్యాలతో పుట్టిన పక్షి పిల్లలు కనిపించాయి. అక్కడ ఫ్యాక్టరీ కూడా లేదు, మట్టిలోంచి వచ్చిన సెలెనియమే.

తమ్ముడు: (కాసేపు ఆగి) అయితే బ్లీచ్ మానేస్తా. కాస్టిక్‌లో పట్టిన సెలెనైడ్‌కు గాలి తగిలితే చాలావరకు ఎర్ర సెలెనియంగా బయటపడుతుంది, వడకట్టొచ్చు. కొంత సెలినైట్ (సెలినేట్ కంటే ఆక్సిజన్ తక్కువున్న రూపం) అయినా, యాసిడ్ చేసి సల్ఫర్ డయాక్సైడ్ పంపితే అదీ సెలెనియంగా దిగుతుంది. ఆ పొడి మళ్లీ నాకే పనికొస్తుంది.

అక్క: యాసిడ్ చేసే ముందు అందులో సెలెనైడ్ ఒక్క చుక్క మిగిలినా అదే గ్యాస్ వస్తుంది. ఆ పరీక్ష ఎవరు చేస్తారు, ఎలా చేస్తారు?

తమ్ముడు: దానికి ఇంకా జవాబు రాసుకోలేదు.

అక్క: రాసుకురా. డ్రెయిన్ పైపు లేని ప్లాన్ గీయించు, ప్రతి లీటరూ డబ్బాలోకే పోవాలి. డిటెక్టర్ అలారం 0.05 కంటే కిందే మోగాలి, దాని ధర కూడా అంచనాలో వెయ్యి.

తమ్ముడు: వేస్తే గ్రాము ధర బాగా పెరుగుతుందక్కా.

అక్క: పెరగనీ. ఆ ధరకు కూడా కొంటామనే ల్యాబులు ఎన్నో కనుక్కున్నాకే షెడ్డుకు అడ్వాన్స్ ఇవ్వు.