నొప్పి లేని రోజు కూడా నాకు మామూలు రోజు కాదు

ఇంటికొచ్చి గంటైంది, ఇంకా ఒళ్ళు మండిపోతోంది. అందుకే రాస్తున్నా. నాకు మైగ్రేన్ ఉంది, అంటే పదేపదే వచ్చే తలనొప్పి జబ్బు.

కపిలతీర్థం వైపు వెళ్ళడానికి బస్టాండు దగ్గర షేర్ ఆటో ఎక్కాను. ముందు అద్దం కింద నాలుగు అగరబత్తులు ఒకేసారి వెలుగుతున్నాయి, గాలికి ఆ పొగంతా నా ముఖానికే. స్పీకరేమో సరిగ్గా చెవి వెనక. లీలామహల్ సర్కిల్ దాకా పళ్ళు బిగబట్టి కూర్చున్నా. ఇక తట్టుకోలేక "అన్నా, సౌండ్ కొంచెం తగ్గించు" అన్నాను. పాపం ఆయన వెంటనే తగ్గించాడు. పక్కనున్న మా వీధి ఆవిడే, "ఇందాక తలనొప్పి లేదన్నావు కదమ్మా, మళ్ళీ ఇదేంటి?" అంది, అందరికీ వినపడేలా.

లేదు. నొప్పి లేదు. అయినా నాకు కష్టంగానే ఉంది! మైగ్రేన్ అంటే నొప్పి ఉండే ఆ నాలుగు గంటలో, మూడు రోజులో మాత్రమే కాదు. మధ్య రోజుల్లో కూడా మాలో చాలామందికి వెలుగు, చప్పుడు, వాసన మిగతావాళ్ళకంటే త్వరగా భరించలేనివవుతాయి. ఒకే వెలుగో శబ్దమో పదేపదే తగులుతుంటే మెదడు అలవాటు పడి పట్టించుకోవడం మానేస్తుంది. మైగ్రేన్ ఉన్నవాళ్ళలో, నొప్పి లేనప్పుడు కూడా, ఆ అలవాటు పడటం తక్కువని చాలా పరీక్షల్లో కనిపించింది. మా ఆఫీసులో ఒకామె సన్న గీతల చీర కట్టుకుని ఎదురుగా కూర్చుంటే, నాకు ఆ గీతలు కదులుతున్నట్టే ఉంటాయి. ఆమెకేం చెప్పను? "స్కాన్‌లో ఏమీ లేదుగా" అనేవాళ్ళు ఇంకొందరు. మైగ్రేన్ స్కాన్‌లో కనపడదు తల్లీ, ఆ స్కాన్ వేరే జబ్బేదీ లేదని చూసుకోవడానికి.

ఆటోలో ఆవిడంటే బయటి మనిషి. రెండేళ్ళ కిందట చిత్తూరులో మావాళ్ళ ఓణీల ఫంక్షన్‌లో ఏం జరిగిందో నేను చచ్చేదాకా మరచిపోను. ఒకవైపు మేళం, ఒకవైపు డీజే, కళ్ళల్లోకి వీడియో లైట్లు. పది నిమిషాలు మండపం మెట్ల మీద కూర్చుని వచ్చాను. పంక్తిలో అందరి ముందూ మా వదిన, "నొప్పి లేదని తనే అంటోంది, పని తప్పించుకోవడానికి నటన" అంది. ఆ పొద్దున మూడు బుట్టల పూలు కట్టింది నేను. మా ఆయన పక్కనే ఉన్నారు. ఆకులో అన్నం కలుపుతూ తల ఎత్తలేదు. వదిన మాటకంటే అదే ఎక్కువ గుచ్చుకుంది, ఇప్పటికీ.

మైగ్రేన్ చాలా ఇళ్ళల్లో తల్లి నుంచో తండ్రి నుంచో పిల్లలకు వస్తుంది. మా పాపకు పన్నెండేళ్ళు. పోయిన వారం నుంచి హోంవర్క్ చేసేటప్పుడు ట్యూబ్‌లైట్ ఆపమంటోంది. దాన్ని ఎవరైనా నటన అంటే మాత్రం నేను లేచి వెళ్ళి మెట్ల మీద కూర్చోను.