నా కుడిచేతి కండలో దిగిన ఎముక గారికి

అయ్యా,

నమస్కారం. నోటిమాటతో సరిపెట్టుకోండి. రెండు చేతులూ జోడిద్దామంటే, మీ దయవల్ల కుడిది సగం దారిలోనే ఆగిపోతోంది.

ఈ రోజు మధ్యాహ్నమంతా తిరుపతిలో ఓపీ టోకెన్ పట్టుకుని కూర్చున్నాను. కొండ మీద సర్వదర్శనం కంపార్టుమెంట్లో అయితే పాలో ఉప్మానో ఇస్తారు, ఇక్కడ అదీ లేదు. చివరికి డాక్టరుగారు ఎక్స్‌రేని వెలుగుకు పట్టి చూసి, "ఇంకా మెచ్యూర్ కాలేదు. ఇప్పుడే కోస్తే మళ్ళీ పెరుగుతుంది. ఆరు నెలలో, ఏడాదో ఆగాలి" అన్నారు.

ఆగడమా! గంగజాతరకు పోతును మేపినట్టు మిమ్మల్ని మేపి, ముదిరారో లేదో అప్పుడప్పుడూ ఎక్స్‌రే తీయించి, డబ్బు కట్టి, ఆ తర్వాత కోయించాలా?

బండి మీంచి పడితే జారింది మోచేతి కీలు. దాన్ని సర్దేశారు కూడా. నలిగిన కండను బాగుచేయడానికి వచ్చిన కణాలు దారి తప్పి ఎముక కట్టే పనిలో పడ్డాయట. పైగా కట్టు విప్పీ విప్పగానే మా మామ ఎవర్నో పిలిపించి, వేడి నూనెతో చెయ్యి బలంగా తోమించాడు. తోమినకొద్దీ మీకు ఊపొచ్చింది. మొదటి ఎక్స్‌రేలో జాడే లేరు. కొన్ని వారాలకు అంచు గట్టిపడి, నడుమ మెత్తగా, దర్జాగా కనిపించారు. అది చూసి ఇంట్లో అందరూ క్యాన్సరేమోనని టెన్షన్ పడ్డారు. ఎముక క్యాన్సర్లో సాధారణంగా నడుమ గట్టిగా, అంచులు మెత్తగా ఉంటాయని, ఇది మయోసైటిస్ ఆసిఫికన్స్, అంటే దెబ్బ తిన్న కండలో ఎముక మొలవడమేనని డాక్టరు చెప్పాకే మా అమ్మ ముద్ద మింగింది. పక్కింటావిడ మాత్రం ఇప్పటికీ పాలు మానెయ్యమంటూనే ఉంది. పాలకూ దీనికీ సంబంధం లేదమ్మా అంటే వినదు.

విరిగిన ఎముకకు కట్టు కట్టించుకోవడానికి ఎక్కడెక్కడి నుంచో పుత్తూరుకొస్తారు జనం. ఎముక విరిగితే ఎక్కడికి పోవాలో మా వైపు చంటిపిల్లాడైనా చెబుతాడు. అడక్కుండా మొలిస్తే ఏం చేయాలో చెప్పే మొనగాడు మా వీధిలో ఒక్కడూ లేడు.

మొన్న చిత్తూరులో పెళ్ళి. పప్పన్నం ముద్ద నోటికి జానెడు దూరంలో ఆగిపోయింది. నేను మెడ చాచి అందుకుంటుంటే పక్క ఆకు ముందున్న పెద్దమ్మ, "ఉండు నాయనా, నేను తినిపిస్తా" అని మొదలుపెట్టింది. పంక్తి పంక్తంతా తినడం మానేసి మమ్మల్నే చూసింది. పెళ్ళికొడుకు కూడా.

ఇక ఈ గారూ గీరూ నా వల్ల కాదు. ఒరేయ్, ఒంట్లో రెండొందల పైచిలుకు ఎముకలున్నాయి, అన్నీ వాటి చోట వాటి పని చేసుకుంటున్నాయి. నువ్వొక్కడివే పనీ పాటా లేకుండా, కీలు మడవనివ్వకుండా, నా కండలో కాళ్ళు చాపుకుని కూర్చున్నావు. సిగ్గుండాలి.

సరే, ముదిరేదేదో తొందరగా ముదురు. మా ఆఫీసులో వరసగా సెలవులిచ్చేది సంక్రాంతికే.

ఇట్లు,
ఎడమచేత్తో సంతకం పెడుతున్నవాడు