అడగకుండా వచ్చిన ఆల్బమ్, వెతికి తెచ్చుకున్న ఆల్బమ్‌లు

2014 సెప్టెంబర్ 9న క్యూపర్టినోలో యాపిల్ సంస్థ ఐఫోన్ 6ను, యాపిల్ వాచ్‌ను లోకానికి చూపించింది. ఆ సభ చివర ఐర్లండ్ రాక్ బ్యాండ్ యూ2 వేదికెక్కి ఒక కొత్త పాట పాడింది. తర్వాత గాయకుడు బోనో, యాపిల్ అధిపతి టిమ్ కుక్ వేలికి వేలు తాకించారు. అంతే, ‘సాంగ్స్ ఆఫ్ ఇన్నోసెన్స్’ అనే 11 పాటల ఆల్బమ్ 119 దేశాల్లోని దాదాపు 50 కోట్ల ఐట్యూన్స్ (యాపిల్ పాటల దుకాణం) ఖాతాల్లోకి వెళ్లిపోయింది. ఎవరూ కొనలేదు, ఎవరూ అడగలేదు. అయినా ‘మీరు కొన్నవి’ అనే జాబితాలో ఆ ఆల్బమ్ కనిపించింది.

ఉచితంగా ఇచ్చినందుకు అంత గొడవ ఎందుకైందని ఇప్పటికీ అడిగేవాళ్లున్నారు. నా ఉద్దేశంలో ఆ గొడవ డబ్బు గురించి కాదు, ‘కొన్నవి’ అనే ఆ ఒక్క మాట గురించి. ఒకరి పాటల జాబితా అంటే వాళ్ల అభిరుచి చరిత్ర. ఏ వయసులో ఏం విన్నారో, దేనికి డబ్బు పెట్టారో అందులో ఉంటుంది. ఆ చరిత్రలో వాళ్ల ప్రమేయం లేకుండా ఒక వాక్యం రాసేశారు. ఆటోమేటిక్ డౌన్‌లోడ్ పెట్టుకున్నవాళ్ల ఫోన్లలో పాటలు దిగిపోయాయి కూడా. తీసేయడమెలాగో తెలియక జనం తిట్టుకుంటుంటే, వారం తిరక్కముందే యాపిల్ ఒక్క నొక్కుతో ఆల్బమ్‌ను తొలగించే ప్రత్యేక పేజీ పెట్టాల్సి వచ్చింది. ఒక ఆల్బమ్‌ను వదిలించుకోవడానికి దాన్ని ఇచ్చినవాళ్లే దారి చూపించడం, అదీ ముప్పై ఎనిమిదేళ్లుగా కలిసి వాయిస్తున్న బ్యాండ్‌కు జరగడం, వాళ్లను ఇష్టపడేవాళ్లకు చాలా బాధ కలిగించింది.

ఉచితం అనేదే తప్పైతే ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ రేడియోహెడ్‌నూ తప్పు పట్టాలి. 2007 అక్టోబర్ 10న వాళ్లు ‘ఇన్ రెయిన్‌బోస్’ను తమ వెబ్‌సైట్‌లో పెట్టి, మీకు తోచినంత ఇవ్వండి, ఏమీ ఇవ్వకపోయినా పర్వాలేదు అన్నారు. జనం మెచ్చుకున్నారు. ఆ తర్వాత సీడీగా వచ్చినప్పుడు అది అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ మొదటి స్థానానికి చేరింది. 2008లో అమెరికా బ్యాండ్ నైన్ ఇంచ్ నెయిల్స్ ‘ది స్లిప్’ను పూర్తి ఉచితంగా ఇచ్చినప్పుడూ ఇలాంటి రభస జరగలేదు. అక్కడ వినేవాడు గుమ్మం దాకా నడిచి వెళ్లాడు, చేయి చాచి తీసుకున్నాడు. యూ2 విషయంలో ఆ నడక లేకుండా పోయింది.

యూ2 ఆల్బమ్ నిజానికి ఉచితమూ కాదు. యాపిల్ డబ్బు చెల్లించింది, మీకు ఉచితంగా అందించింది. సంగీతానికి విలువ ఉండాలనే తమ పట్టుదలకు ఇది విరుద్ధం కాదని బోనో వాదించింది అందుకే. 2013 దాకా ఆ బ్యాండ్‌కు మేనేజర్‌గా ఉన్న పాల్ మెక్‌గిన్నెస్ 2008లో, ఉచితంగా దొరికే పాటల వల్ల లాభపడుతున్నది ఇంటర్నెట్ కంపెనీలేనని ఫ్రాన్స్‌లోని కాన్ నగరంలో గట్టిగా మాట్లాడారు కూడా. కానీ చిన్న బ్యాండ్ల వైపు నుంచి చూస్తే లెక్క మారుతుంది. యాపిల్ లాంటి పోషకుడు యూ2కు దొరుకుతాడు, గ్యారేజీలో వాయించుకునే నలుగురు కుర్రాళ్లకు దొరకడు. ఇలా ఇచ్చేసి సంగీతం విలువ తగ్గించారని అమెరికా బ్యాండ్ బ్లాక్ కీస్ డ్రమ్మర్ ప్యాట్రిక్ కార్నీ విమర్శించింది ఈ కోణంలోనే. ఆ విమర్శలో న్యాయం ఉందని నేను ఒప్పుకుంటాను.

అభిమానుల మధ్య వాదన ఇంకో దారిలో నడిచింది. ఈ ఆల్బమ్ పాతవాటి పక్కన నిలుస్తుందా? యూ2 అభిమానులకు రెండు కొలబద్దలున్నాయి. ఒకటి రెండున్నర కోట్ల కాపీలు అమ్ముడైన 1987 నాటి ‘ది జాషువా ట్రీ’. రెండోది, గోడ కూలిన తర్వాతి బెర్లిన్‌లోని హాన్సా స్టూడియోలో మొదలై, అప్పటిదాకా ఉన్న తమ శబ్దాన్నే చెరిపేసుకుని 1991లో వచ్చిన ‘అక్టుంగ్ బేబీ’. ఎడారిలాంటి ఆ విశాలతను కోరేవాళ్లు మొదటిదాన్ని పట్టుకుంటారు, తెగింపును ప్రేమించేవాళ్లు రెండోదాన్ని. 1997 నాటి ‘పాప్’ను చివరి సాహసం అనేవాళ్లున్నారు, తొలి తప్పటడుగు అనేవాళ్లూ ఉన్నారు. 2009 నాటి ‘నో లైన్ ఆన్ ది హొరైజన్’ ఎవరినీ పూర్తిగా తృప్తిపరచలేదు. దాని తర్వాత ఐదేళ్లు ఎదురుచూసినవాళ్ల చేతికి ఈ పాటలు వచ్చాయి.

ఆ మొదటి వారాల్లో పాటల గురించి మాట్లాడుకునే వీలే లేకపోయింది. ‘ఎవ్రీ బ్రేకింగ్ వేవ్’ 2010 కచేరీల్లో విన్నప్పుడు బాగుందా, ఇప్పుడు బాగుందా అని ఒకరు మొదలుపెడితే, నా ఫోన్‌లోకి ఎందుకు వచ్చిందని పదిమంది అడ్డొచ్చారు. ఒక ఆల్బమ్‌కు దక్కాల్సిన మొదటి వినికిడిని ఆ పంపిణీ పద్ధతి మింగేసింది. ‘రోలింగ్ స్టోన్’ పత్రిక దాన్ని ఆ ఏటి మేటి ఆల్బమ్‌గా ఎంచితే, ఆ ఎంపిక మీద కూడా మళ్లీ గొడవే.

నా మటుకు నాకు ఆ ఆల్బమ్‌లో మొదటి సగం మరీ నునుపుగా చెక్కినట్టు ఉంటుంది. డేంజర్ మౌస్, పాల్ ఎప్‌వర్త్, రయాన్ టెడర్, ఫ్లడ్, డెక్లన్ గాఫ్నీ, ఇంతమంది నిర్మాతల చేతులు పడ్డాయి. బ్రయన్ ఈనో, డానియల్ లన్వా ఇద్దరే నిర్మాతలుగా ఉన్న రోజుల్లోని గాలి, ఖాళీ ఇందులో తక్కువ. ఆ తర్వాత సీడీతో వచ్చిన అదనపు భాగంలో ‘ఎవ్రీ బ్రేకింగ్ వేవ్’ను పియానో మీద పాడిన తీరు వింటే, పాట లోపల ఎంత బలం ఉందో తెలుస్తుంది. కానీ ‘సీడర్‌వుడ్ రోడ్’ దగ్గరికి వచ్చేసరికి యూ2 గిటారిస్టు ఎడ్జ్ గిటార్ మళ్లీ కరుకుగా మోగుతుంది. అది ఉత్తర డబ్లిన్‌లో బోనో పెరిగిన వీధి. ‘రెయిజ్డ్ బై వుల్వ్స్’ 1974 మే 17న డబ్లిన్‌లో పేలిన కారు బాంబుల జ్ఞాపకం. ‘ఐరిస్’ అతని తల్లి పేరు. 1974 సెప్టెంబర్‌లో, సొంత తండ్రి అంత్యక్రియల దగ్గరే కుప్పకూలి, కొద్ది రోజులకే ఆమె చనిపోయింది. బోనోకు అప్పుడు పద్నాలుగేళ్లు. సరిగ్గా నలభై ఏళ్లకు, అదే సెప్టెంబర్‌లో, ఆమె కోసం రాసిన పాట 50 కోట్ల మంది అపరిచితుల ఖాతాల్లో పడింది.

నన్ను ఇప్పటికీ కలచివేసేది ఇదే. ఆ బ్యాండ్ చేసిన అన్నిటిలోకీ అతి సొంతమైన రికార్డు, లోకంలోనే అతి బహిరంగమైన పద్ధతిలో వచ్చింది. తల్లి చావు గురించిన పాటను ఒకరికి వినిపించాలంటే పక్కన కూర్చోబెట్టుకుని వినిపిస్తాం. లేదా వాళ్లే వెతుక్కుంటూ వచ్చేదాకా ఆగుతాం.

వెతుక్కోవడంలో ఉన్న మమకారం క్యాసెట్ల కాలం చూసినవాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు. మన ఊళ్లలో ఖాళీ క్యాసెట్, పాటల చీటీ పట్టుకుని రికార్డింగ్ షాపుకు వెళ్లేవాళ్లం. అరవై నిమిషాల్లో ఏ పాట పడుతుంది, ఏది వదిలేయాలి అని ఇంట్లో ముందే వాదనలు జరిగేవి. దుకాణదారు తనకు నచ్చిన పాటొకటి చివర్లో కలిపేస్తే, అది మంచి పాటే అయినా, చిరాకు పడేవాళ్లం.

2014 అక్టోబర్‌లో బోనో క్షమాపణ చెప్పాడు. కొంచెం అహంభావం, కాస్త ఉదారత, కొంత సొంత ప్రచారం, వీటికి తోడు ఏళ్ల తరబడి ప్రాణం పెట్టి చేసిన పాటలు ఎవరూ వినరేమోనన్న భయం, ఇవన్నీ కలిసి అలా చేయించాయన్నాడు. 2022లో వచ్చిన ఆత్మకథలో నేరం మొత్తం తన మీదే వేసుకున్నాడు. ఆ క్షమాపణలో చెప్పిన భయం నిజమైనదని నేను నమ్ముతాను. యాపిల్ లెక్క ప్రకారం 8.1 కోట్ల మంది ఆ ఆల్బమ్‌లో కొంతైనా విన్నారు. మొత్తం దించుకున్నవాళ్లు 2.6 కోట్లు. అక్టోబర్‌లో సీడీ వచ్చినప్పుడు అమెరికా అమ్మకాల జాబితాలో అది తొమ్మిదో స్థానంతో సరిపెట్టుకుంది.

2015 మేలో వాంకూవర్‌లో మొదలైన కచేరీల యాత్రలో పరిస్థితి మారింది. హాలు నడి మధ్యన పొడవాటి తెర, దాని మీద సీడర్‌వుడ్ రోడ్ ఇళ్ల బొమ్మలు, ఆ బొమ్మల లోపల నడుస్తూ బోనో. ఈసారి ‘ఐరిస్’ విన్నది టికెట్ కొనుక్కుని వచ్చిన జనం.