ఆఫర్ లెటర్ వచ్చాక తెరవాల్సింది బీరువా

మా మేనకోడలికి ఇంగ్లండ్‌లో ఎమ్మెస్సీ సీటు వచ్చిందని మెయిల్ అందిన రోజు మా చెల్లెలు విశాఖ ఎంవీపీ కాలనీలో వాళ్ల అపార్ట్‌మెంట్ మూడంతస్తులకూ మాడుగుల హల్వా పంచింది. మర్నాడు కాగితాల పని మొదలైంది. పిల్ల బర్త్ సర్టిఫికెట్ తీసి చూస్తే తండ్రి పేరు దగ్గర ‘సత్తిబాబు’ అని ఉంది. మా బావ అసలు పేరు సత్యనారాయణ. ఆధార్, పాన్, బ్యాంకు పాసుపుస్తకం అన్నీ ఆ పేరుతోనే. ఆస్పత్రిలో వివరాలు రాయించింది తాతగారు. ఆయన నోట కొడుకు పేరు ఏనాడూ సత్తిబాబు దాటలేదు. ఇరవై రెండేళ్లుగా ఆ కాగితం బీరువాలో పట్టుచీరల కింద భద్రంగా ఉంది. భద్రంగానే ఉంది కదా అని ఎవరూ విప్పి చదవలేదు.

ఇదో పెద్ద సంగతా అనిపిస్తుంది. కానీ బ్రిటన్ స్టూడెంట్ వీసాకు చూపే సొమ్ము విద్యార్థి ఖాతాలోనో, తల్లిదండ్రుల ఖాతాలోనో, చట్టబద్ధ సంరక్షకుల ఖాతాలోనో ఉండాలి. తండ్రి ఖాతా చూపిస్తే ఆయన తండ్రేనని రుజువు కావాలి. ఆ రుజువు ఈ బర్త్ సర్టిఫికెట్టే. “నా ఎఫ్‌డీ ఉంది కదమ్మా, అది చూపించు” అని నేను పెద్దరికం చూపించబోయాను. “నీది చెల్లదు మావయ్యా” అంది. పెళ్లిలో బుట్టలో మోసుకెళ్లడానికి మేనమామ కావాలి గానీ, ఆ దేశపు లెక్కలో మేనమామ ఎవరూ కాడు.

పైగా ఆ సొమ్ము వరుసగా 28 రోజులు ఖాతాలో నిలిచి ఉండాలి. ఆ 28 రోజులూ ముగిసిన తేదీకీ దరఖాస్తు పెట్టే తేదీకీ మధ్య 31 రోజులు మించకూడదు. మధ్యలో ఒక్క రోజు వెయ్యి రూపాయలు తగ్గినా లెక్క మళ్లీ మొదటికొస్తుంది. మా బావ ఖాతాలో ఇంటి లోను ఈఎంఐ కట్టయ్యే తేదీ నాకిప్పటికీ కంఠతా వచ్చు. ఇటు ఆధార్, స్కూలు సర్టిఫికెట్, నోటరీ అఫిడవిట్ పెట్టి సత్తిబాబును సత్యనారాయణగా దిద్దించడానికి నలభై రోజులు పట్టింది. సీటు తెచ్చుకోవడానికి పిల్ల పడ్డ కష్టం కంటే ఈ నలభై రోజులే ఇంటిల్లిపాదినీ ఎక్కువ నలిపాయి.

విశాఖలో విదేశీ చదువు మాట వస్తే మనం రెండే చెప్పుకుంటాం: సీటు వచ్చిందా, వీసా వచ్చిందా. నడుమ గడిచే మూణ్నాలుగు నెలలు ఎవరి లెక్కలోనూ ఉండవు. ఏదైనా ఆలస్యమైతే కాన్సులేట్‌నో, ట్రంప్‌నో తిట్టుకుంటాం. నేను చూసినంతలో చాలా ఆలస్యాలు మొదలయ్యేది మన బీరువాలోనే. ఆ బీరువాలో ఉన్నవాటిలో ఒక్కటి కూడా ఆఫర్ లెటర్ కోసం ఆగాల్సినది కాదు. ఆర్నెల్ల ముందే చూసుకోవచ్చు. చూసుకోం. సీటే రాకుండా కాగితాలెందుకులే, అపశకునం అనుకుంటాం.

అన్నిటికంటే మొండిది పేరు. తెలుగువాళ్ల ఇంటిపేరు ముందుంటుంది, చాలాసార్లు ఒక్క పొడి అక్షరంగా. టెన్త్ మెమోలో పూర్తిగా ఉంటుంది, బీటెక్ మెమోలో పొడి అక్షరం మిగులుతుంది, ఆధార్‌లో ఆపరేటర్ దయ. పాస్‌పోర్టు దరఖాస్తు నింపేటప్పుడు ‘సర్‌నేమ్’ గడి ఖాళీగా వదిలి, ఇంటిపేరుతో సహా మొత్తం ‘గివెన్ నేమ్’ గడిలో రాసేసినవాళ్లు మన చుట్టాల్లో కనీసం ఒకరైనా ఉంటారు. ఇక్కడ బతికినంత కాలం ఇబ్బంది లేదు. అమెరికా వీసా మీదకొచ్చేసరికి ఆ పేరంతా ఇంటిపేరు గడిలోకి జరుగుతుంది, అసలు పేరు ఉండాల్సిన చోట ‘ఎఫ్ఎన్‌యూ’ అనే మూడక్షరాలు పడతాయి. ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు అని. బారసాల చేసి బియ్యంలో రాయించి పెట్టిన పేరు అది! ఆ మూడక్షరాలు యూనివర్సిటీ రికార్డు దగ్గర్నుంచి బ్యాంకు ఖాతా దాకా వెంటపడొచ్చు.

దిద్దుకోవాలంటే పాస్‌పోర్టు రీఇష్యూకు వెళ్లాలి. కొత్త పాస్‌పోర్టుకు నంబరు కొత్తది. బ్రిటన్ యూనివర్సిటీ వీసా కోసం ఇచ్చే ప్రవేశ ధ్రువీకరణ ‘క్యాస్‌’లో పాస్‌పోర్టు నంబరు ఉంటుంది, అమెరికా వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160లోనూ ఉంటుంది. కాబట్టి ముందు పేరు, తర్వాత పాస్‌పోర్టు, ఆ తర్వాతే యూనివర్సిటీకి డిపాజిట్ కట్టి ఐ-20 (అమెరికా యూనివర్సిటీ ఇచ్చే ప్రవేశ పత్రం) గానీ క్యాస్ గానీ తెప్పించుకోవడం. మన ఇళ్లలో ఈ వరస తలకిందులుగా నడుస్తుంది. ముందు డిపాజిట్, తర్వాత తిప్పలు.

డిపాజిట్‌కు అంత తొందర ఎందుకో కూడా చెప్పుకోవాలి. ద్వారకానగర్ నుంచి ఆశీల్‌మెట్ట దాకా నడిస్తే కన్సల్టెన్సీ బోర్డు కనిపించని భవనం వెతుక్కోవాలి. చాలాచోట్ల ‘సర్వీసు ఉచితం’ అంటారు. ఉచితం ఎలా అయిందంటే, బ్రిటన్, ఆస్ట్రేలియా లాంటి దేశాల్లో చాలా యూనివర్సిటీలు విద్యార్థిని చేర్పించినందుకు ఏజెంట్లకు కమీషన్ ఇస్తాయి. అందులో తప్పేం లేదు, అది వాళ్ల వ్యాపారం. నర్సీపట్నం నుంచో పాడేరు నుంచో వచ్చిన పిల్లాడికి, ఇంట్లో డిగ్రీ చదివినవాళ్లే లేనప్పుడు, చెయ్యి పట్టుకుని నడిపించే మనిషి ఉండటం మేలే. కాకపోతే కమీషన్ ముడిపడింది పిల్లాడు చేరి ఫీజు కట్టడంతో. ఆ ఫీజుకు మన ఇంటి డాక్యుమెంట్ల మీద లోను పుడుతుందా లేదా అన్నదాంతో కాదు. డిపాజిట్ కట్టేముందు, వీసా రాకపోతే ఎంత తిరిగిస్తారో, ఎప్పటిలోగా అడగాలో ఆఫర్ లెటర్ చివరి పేజీల్లో ఉంటుంది. మొదటి పేజీని ఫ్రేమ్ కట్టించుకునే మనం ఆ చివరి పేజీలు చదవం.

ఇంటి డాక్యుమెంట్ల సంగతి విశాఖలో మరీ చిక్కు. ప్రభుత్వ బ్యాంకుల్లో విద్యా రుణం సాధారణంగా ఏడున్నర లక్షలు దాటితే తనఖా అడుగుతారు. పేరున్న కొన్ని యూనివర్సిటీలకు మినహాయింపులుంటాయి, అందరికీ కాదు. తనఖా అంటే లింకు డాక్యుమెంట్లు (ఆస్తి చేతులు మారిన పాత పత్రాలు), ఈసీ (ఆస్తి లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), ప్లాన్ అప్రూవల్, బ్యాంకు లాయరు లీగల్ ఒపీనియన్, వేల్యుయేషన్. 2018లో నగరాభివృద్ధి సంస్థ వుడా పోయి వీఎంఆర్‌డీఏ వచ్చినా జనం నోట్లో ఇప్పటికీ ‘వుడా అప్రూవ్డ్’ అనే మాటకే విలువ. బ్యాంకు లాయరుకు మాత్రం మాట చాలదు, కాగితం కావాలి. గ్రామకంఠం స్థలంలో తాత కట్టిన ఇల్లుంటుంది, దానికి లింకు డాక్యుమెంటే ఉండదు. ప్రభుత్వం ఇచ్చిన డీ-పట్టా భూమి ఉంటుంది, సాధారణంగా ఇలాంటి తనఖాకు పనికిరాదు. సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ కుదరని భూముల జాబితా) చేరిన సంగతి బ్యాంకు లాయరు చూసిన రోజున బయటపడుతుంది.

సింహాచలం పంచగ్రామాల మాట చెప్పకుండా ఈ ఊళ్లో తనఖా గురించి మాట్లాడటం సాధ్యం కాదు. అడవివరం, వేపగుంట, పురుషోత్తపురం, చీమలాపల్లి, వెంకటాపురం. దేవస్థానం భూముల వివాదంలో దశాబ్దాలుగా వేల ఇళ్లు చిక్కుకుని ఉన్నాయి. రెండంతస్తుల మేడ ఉంటుంది, కరెంటు బిల్లు పేరు మీద ఉంటుంది, పన్ను కడుతూ ఉంటారు. బ్యాంకు మేనేజరు ముందు మాత్రం ఆ మేడ లేనట్టే లెక్క. అలాంటి ఇంటి పిల్ల తెచ్చుకున్న ఆఫర్ లెటర్‌కూ, ఎంవీపీలో క్లియర్ టైటిల్ ఫ్లాటున్న ఇంటి పిల్ల ఆఫర్ లెటర్‌కూ విలువ ఒకటేనని యూనివర్సిటీ అనుకోవచ్చు. ఆ కుటుంబం చివరికి తనఖా లేకుండా ఇచ్చే ప్రైవేటు ఫైనాన్స్ కంపెనీ దగ్గరికి, ఎక్కువ వడ్డీకి వెళ్తుంది. మెరిట్ ఒక్కటే అయినా, రెండేళ్ల చదువుకు కట్టే మొత్తం ఒక్కటి కాదు. ఈ తేడా గురించి ఏ ఎడ్యుకేషన్ ఫెయిర్‌లోనూ ఎవరూ మాట్లాడగా నేను వినలేదు.

అందుకే సీటు రాకముందే ఈసీ తీయించి, తెలిసిన లాయరుకు చూపించుకోవాలంటాను. బ్యాంకు అడిగాక తెలుసుకోవడం కంటే ఆ ఖర్చే చవక. సొమ్ము పంపడంలో మాత్రం కొంత ఊరట ఉంది. 2025 ఏప్రిల్ 1 నుంచి ఏడాదికి 10 లక్షల వరకు విదేశాలకు పంపే మొత్తంపై టీసీఎస్ (పంపేటప్పుడే బ్యాంకు వసూలు చేసే పన్ను) లేదు. బ్యాంకు విద్యా రుణం నుంచి పంపితే అసలే లేదు. లోనుకు కట్టే వడ్డీపై పాత పన్ను విధానంలో మినహాయింపు కూడా ఉంది.

యూనివర్సిటీ ఇచ్చే మార్కుల పత్రాలు, అంటే ట్రాన్స్‌క్రిప్టుల దగ్గర ఉత్తరాంధ్ర ఇంజినీరింగ్ పిల్లలకు ఒక ప్రత్యేక గందరగోళం. 2022లో విజయనగరంలో జేఎన్‌టీయూ గురజాడ ఏర్పడ్డాక, సీనియర్ల బ్యాచ్‌లకు డిగ్రీ ఇచ్చింది కాకినాడ, జూనియర్లకు విజయనగరం. కాలేజీ ఒక్కటే, గేటు ఒక్కటే, వెళ్లాల్సిన ఊరు వేరు. అన్న వెళ్లిన దారినే తమ్ముడు వెళ్తే ఒక రోజు, బస్సు చార్జీలు దండగ.

జర్మనీ వెళ్లేవాళ్ల గొడవ ఇంకోటి. 2022 నవంబరు నుంచి మన విద్యార్థులకు, చదువు పత్రాలను సరిచూసి ఇచ్చే ఏపీఎస్ సర్టిఫికెట్ తప్పనిసరి. బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు వేయాలి, నెలకు 992 చొప్పున చేతికొస్తాయి. చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు లేదని సంబరపడే తండ్రికి ఈ మొత్తం ముందే చెప్పాలి.

ఇప్పుడు బీరువాలో లేనిదాని గురించి. పాస్‌వర్డ్. విద్యార్థి పేరుతో మెయిల్ ఐడీ కన్సల్టెన్సీ వాళ్లే తెరిచి, పాస్‌వర్డ్ వాళ్లే ఉంచుకుని, వచ్చిన మెయిళ్ల సారాంశం వాట్సాప్‌లో చెప్పే పద్ధతి మన ఊళ్లో మామూలైపోయింది. యూనివర్సిటీ పంపే మెయిళ్లలో హాస్టల్ గడువు, టీకాల ఫారం, కోర్సు రిజిస్ట్రేషన్ తేదీ అన్నీ ఉంటాయి. అవి పిల్లల కళ్లబడవు. డీఎస్-160 కూడా అంతే, ఎవరో నింపుతారు, పిల్లాడు హైదరాబాద్ ఇంటర్వ్యూకి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో కూర్చుని మొదటిసారి చదువుతాడు. 2025 మే 27న అమెరికా కొత్త స్టూడెంట్ వీసా స్లాట్లు ఆపేసి, జూన్ 18న మళ్లీ తెరిచినప్పుడు సోషల్ మీడియా ఖాతాలన్నీ అందరికీ కనబడేలా పెట్టమంది. ఆ ఫారంలో తను వాడే ఖాతాలేవో రాసింది మూడో మనిషైతే, రాయని ఖాతాకు జవాబు చెప్పాల్సింది మాత్రం పిల్లాడే.

వీసా ముద్ర పడ్డాక కూడా ఇది తీరదు. 2023 ఆగస్టులో 21 మంది భారతీయ విద్యార్థులను ఒకే రోజు అమెరికా విమానాశ్రయాల నుంచి తిప్పి పంపారు. అందులో ఎక్కువమంది మన రెండు రాష్ట్రాలవాళ్లే. కారణాలు మనిషికొకటి ఉండొచ్చు. కానీ ఇమిగ్రేషన్ అధికారి ముందు నిలబడ్డప్పుడు ఏ కోర్సు, ఫీజు ఎవరు కడుతున్నారు, ఎక్కడ ఉంటావు అన్న ప్రశ్నలకు తడుముకోకుండా చెప్పగలిగేది తన కాగితాలు తను చేసుకున్నవాడే.

ఇక టీకాలు. అమెరికాలో చాలా యూనివర్సిటీలు రెండు డోసుల ఎంఎంఆర్ టీకా రుజువు చూపనిదే కోర్సు రిజిస్ట్రేషన్ తెరవవు. ‘ఇమ్యునైజేషన్ హోల్డ్’ అంటారు. ఆ హోల్డ్ పడితే క్లాసులు ఎంచుకోలేం, మంచి ప్రొఫెసర్ల క్లాసులు ఈలోగా నిండిపోతాయి. “మా వాడికి 2017లో స్కూల్లోనే వేశారండీ” అని తల్లులు చెప్తారు. నిజమే, ఆ ఏడాది తొమ్మిది నెలల నుంచి పదిహేనేళ్ల లోపు పిల్లలందరికీ వేశారు. కానీ అది ఎంఆర్. తట్టుకూ, రుబెల్లాకూ. ఎంఎంఆర్‌లో రెండో ఎం గవదబిళ్లలది, అది అందులో లేదు. ఎంఎంఆర్ రెండు డోసుల మధ్య కనీసం 28 రోజులు ఉండాలి. మళ్లీ అదే అంకె! విమానం పది రోజుల్లో ఉందనగా ఆ కాలాన్ని ఏ డాక్టరూ కుదించలేడు. ప్రభుత్వ ఆస్పత్రి కేజీహెచ్‌లో పుట్టిన పిల్లలైనా, కార్పొరేట్ ఆస్పత్రిలో పుట్టిన పిల్లలైనా చిన్నప్పటి టీకాల కార్డు మాత్రం దొరకదు.

అమెరికాలో ప్రోగ్రాం మొదలయ్యే తేదీకి 30 రోజుల కంటే ముందు ఎఫ్-1 స్టూడెంట్ వీసాతో దిగనివ్వరు. మొదలయ్యాక 30 రోజుల్లో యూనివర్సిటీ మన పేరును సెవిస్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ రికార్డులో నమోదు చేయాలి. బ్రిటన్‌లో ఇప్పుడు కార్డు లేదు, ఈ-వీసా. ఆ ఆన్‌లైన్ ఖాతాలోకి లాగిన్ అవ్వడం రావాలి. మళ్లీ పాస్‌వర్డ్ దగ్గరికే వచ్చాం.

మా మేనకోడలు తన మెయిల్ తనే చూసుకుంది. మాతో ఆ నలభై రోజులూ ఆఫీసుల చుట్టూ తిరిగి, ఏ గుమాస్తాతో ఎలా మాట్లాడాలో నేర్చుకుంది. బయల్దేరే ముందు రాత్రి ఒరిజినల్స్ అన్నీ క్యాబిన్ బ్యాగులో సర్దుకుంటూ, “అమ్మా, తమ్ముడి బర్త్ సర్టిఫికెట్ కూడా ఓసారి తియ్యి” అంది. వాడు ఇంటర్ రెండో సంవత్సరం. మా చెల్లెలు బీరువా తెరిచి, అదే పట్టుచీరల కింద నుంచి అదే రంగు కవరు తీసింది. ఆ నలభై రోజుల్లో మా ఎవరికీ అది చూడాలని తోచలేదు. విప్పి చూస్తే తండ్రి పేరు దగ్గర సత్తిబాబు.