ఆ వారం వీడియోలతో గడిపేయకండి

చలికాలం సెలవుల ముందు వారం పిల్లలకు పాఠాలు ఎక్కవు, వీడియోలు పెడితే చాలని ఈమధ్య ఒక వ్యాసంలో రాశారు. మూడో తరగతికి చెప్పే టీచర్‌గా నేను ఒప్పుకోలేను. పిల్లలు కుదురుగా కూర్చోరు, నిజమే. అలాంటప్పుడు బయటికి తీసుకెళ్లండి. ఆరుబయట ఒక కర్ర నిలబెట్టి, మిట్టమధ్యాహ్నం దాని నీడను స్కేలుతో కొలిపించండి. నీడ చివర సుద్దముక్కతో గీత గీసే అవకాశం కోసం ఎంత పోటీ పడతారో! ఉత్తరార్ధగోళంలో మధ్యాహ్నపు నీడ బాగా పొడవుగా ఉండేది డిసెంబరు 21, 22 తేదీల్లోనే. భూమి అక్షం 23.5 డిగ్రీలు వాలి ఉండటమే కారణం. సెలవులయ్యాక వారం వారం కొలిస్తే నీడ తగ్గుతూ వస్తుంది. కొలతలు, తీసివేతలు, రుతువులు అన్నీ అందులోనే వచ్చేస్తాయి. దయచేసి కట్టలకొద్దీ హోంవర్క్ మాత్రం ఇచ్చి పంపకండి.