ఆ 1,565 డాలర్లకు ఏమొచ్చేది?
1981లో ఐబీఎం కంపెనీ తెచ్చిన పర్సనల్ కంప్యూటర్ (పీసీ) 1,565 డాలర్లకే దొరికిందని కొందరు రాస్తుంటారు. ధర నిజమే, కానీ ఆ డబ్బుకి చేతికొచ్చేది 16 కేబీ (కిలోబైట్ల) మెమరీ ఉన్న డబ్బా, కీబోర్డు. మానిటర్ లేదు, ఫ్లాపీ (ఫైళ్లు దాచుకునే పల్చటి డిస్క్) పెట్టే డ్రైవ్ లేదు. ఇంట్లో టీవీకి తగిలించుకుని, రాసుకున్న ప్రోగ్రామ్‌ని మామూలు క్యాసెట్ మీద దాచుకోవాలి. ఫ్లాపీ డ్రైవ్ లేకపోతే కంప్యూటర్‌ని నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్ డాస్ మాటే లేదు, చిప్‌లో ఉన్న బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాషతో సరిపెట్టుకోవడమే. 64 కేబీ, ఒక డ్రైవ్, మానిటర్ కలిపితే లెక్క 3,000 డాలర్లు దాటేది. రెండు డ్రైవ్‌లు, ప్రింటర్ కూడా అంటే దాదాపు 4,500. అదే ఏడాది బ్రిటన్‌లో సింక్లెయిర్ జెడ్‌ఎక్స్81 అనే చిన్న కంప్యూటర్ 70 పౌండ్లలోపే వచ్చింది, కాకపోతే మెమరీ 1 కేబీ. ఈ నాలుగు ముక్కలు కూడా అందులో పట్టవు! అలాగని ఆ కాలపు పీసీలు బొమ్మలని కొట్టిపారేయలేం. మేం నేర్చుకున్న ఇన్‌స్టిట్యూట్‌లో హార్డ్ డిస్క్ లేని పీసీలే ఉండేవి. డాస్ ఫ్లాపీ పెట్టి ఆన్ చేయడం, అది గరగరమంటూ చదివాక తీసి, ఉత్తరాలవీ టైప్ చేసుకునే వర్డ్‌స్టార్ ప్రోగ్రామ్ ఫ్లాపీ పెట్టడం, మన ఫైళ్లేమో పక్క డ్రైవ్‌లో. ఆ మెషీన్ల మీదే ఉత్తరాలు, జీతాల పట్టీలు అన్నీ చకచకా అయిపోయేవి.